వైడ్‌స్క్రీన్ మానిటర్: అంగుళాలు కాదు, ఎత్తు చూడండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వైడ్‌స్క్రీన్ మానిటర్ల గురించే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేసిన అంకెలకూ, బల్ల మీద పెట్టాక కంటికి కనిపించేదానికీ పొంతన కుదరడం లేదని చాలామంది రాశారు. మానిటర్లు విప్పి బాగుచేయడం, ఆఫీసుల్లో అమర్చి ఇవ్వడం చాలా ఏళ్లుగా నా పని. ఈ తికమక నాకు బాగా తెలిసిందే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్, మా ఆఫీసులో ఇంచుమించు చదరంగా ఉండే 19 అంగుళాల పాత మానిటర్ తీసేసి 22 అంగుళాల వైడ్‌స్క్రీన్ ఇచ్చారు. మూడు అంగుళాలు పెరిగింది కదా, మరి వర్డ్‌లో పేజీ మునుపటికంటే చిన్నగా ఎందుకు కనిపిస్తోంది? అక్షరాలు కూడా సన్నబడ్డాయి. ఇది నా భ్రమా, మానిటర్‌లో లోపమా?

జవాబు: భ్రమా కాదు, లోపమూ కాదండి. మీ తెర నిజంగానే పొట్టిదైంది.

అంగుళాల లెక్క తెరను ఐమూలగా కొలిచింది. ఐమూల కొలత ఒకటే అయినా తెర ఆకారాన్ని బట్టి ఎత్తు మారిపోతుంది. మీ పాత మానిటర్ 5:4 (వెడల్పు:ఎత్తు) నిష్పత్తిది. దాని వెడల్పు సుమారు 37.7 సెంటీమీటర్లు, ఎత్తు 30. కొత్తది 16:9. పైగా 22 అని అమ్మేవాటిలో చాలావాటి అసలు కొలత 21.5 అంగుళాలే. అంటే వెడల్పు 47.6 సెంటీమీటర్లు, ఎత్తు 26.8. పక్కలకు పది సెంటీమీటర్లు వచ్చింది, నిలువులో మూడుకు పైగా పోయింది. మీరు రోజంతా చూసేది నిలువుగా ఉండే పేజీ కాబట్టి, వచ్చింది అక్కరకు రాలేదు, పోయింది మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది.

అక్షరాల సంగతి కూడా ఇందులోదే. పాతదానిలో 1280×1024 పిక్సెళ్లు (తెరను నింపే చిన్న చుక్కలు), ఒక్కో పిక్సెల్ సుమారు 0.294 మిల్లీమీటర్లు. కొత్తదానిలో 1920×1080, ఒక్కోటి 0.248. అదే అక్షరం అన్నే పిక్సెళ్లతో గీసినా ఇప్పుడు ఆరో వంతు చిన్నగా వస్తుంది.

ఎవరు మానిటర్ గురించి అడిగినా నేను ముందు చెప్పే లెక్క ఇది. 16:9 అయితే అంగుళాలను 1.245తో గుణించండి, ఎత్తు సెంటీమీటర్లలో వస్తుంది. 16:10 అయితే 1.346తో, 5:4 అయితే 1.587తో. బాగా వెడల్పుగా ఉండే 21:9 అయితే గుణించే పనే లేదు, అంగుళాల సంఖ్యే దాదాపుగా సెంటీమీటర్ల ఎత్తు. ఈ లెక్కన మీ పాత 19 అంగుళాల ఎత్తు మళ్లీ రావాలంటే 16:9లో 24 అంగుళాలది కావాలి. అదే 24 అంగుళాలు 16:10లో, అంటే 1920×1200లో దొరికితే ఎత్తు 32 సెంటీమీటర్లు దాటుతుంది, నిలువున 120 పిక్సెళ్లు ఎక్కువ. రాతకోతల పనికి నేను ఎప్పుడూ 16:10 వైపే మొగ్గుతాను. మోడళ్లు తక్కువే ఉన్నా వెతకడం దండగ కాదు.

16:9 అసలు ఆఫీసు పని కోసం పుట్టిన కొలత కాదు. హెచ్‌డీ టీవీ ప్రమాణాల గురించి చర్చలు జరిగిన 1980లలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజినీరు, పాత టీవీల 4:3కీ, సినిమాల బాగా వెడల్పాటి తెరకూ మధ్యస్థంగా దీన్ని ప్రతిపాదించాడు. 2000ల మొదట్లో వైడ్ మానిటర్లలో చాలావరకు 16:10వే ఉండేవి. 2008 తర్వాత టీవీలకూ మానిటర్లకూ ఒకే ఆకారం ఉంటే తయారీ తేలికని కంపెనీలన్నీ 16:9కి మళ్లాయి. చదివేవాళ్ల సౌకర్యం ఆ లెక్కలోకి రాలేదు. నాకు ఇప్పటికీ అది బాధే.

ఇక మీ చేతిలో ఉన్నదానికి ఏం చేయాలి? వర్డ్‌లో కంట్రోల్, ఎఫ్1 కలిపి నొక్కితే పైన ఉండే బొత్తాల పట్టీ ముడుచుకుంటుంది. టాస్క్‌బార్ దానంతటదే దాక్కునేలా పెట్టండి. రెండు పేజీలు పక్కపక్కన తెరిచి చూడండి, పోయిన ఎత్తు కొంత వెడల్పులో తిరిగొస్తుంది. అన్నిటికంటే మేలైనది, మీ స్టాండ్‌లో పివట్ ఉంటే తెరను నిలువుగా తిప్పడం. అప్పుడు ఎత్తు 47 సెంటీమీటర్లు దాటుతుంది, వెడల్పు 26.8. ఏ4 కాగితం 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 ఎత్తు కాబట్టి పేజీ మొత్తం అసలు సైజులో కనిపించి ఇంకా చోటు మిగులుతుంది. ఒక్క జాగ్రత్త: టీఎన్ అనే రకం ఎల్‌సీడీ ప్యానెల్ అయితే నిలువుగా తిప్పొద్దు. కింది నుంచి చూస్తే రంగు మారిపోవడం ఆ ప్యానెల్ స్వభావం. తిప్పాక ఆ తేడా కుడి ఎడమలకు వచ్చి, ఒక కంటికి ఒకలా రెండో కంటికి ఇంకోలా కనిపిస్తుంది. తలనొప్పి ఖాయం.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. తెలుగులో కథలు టైపు చేసుకుంటాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొన్నాను. అక్షరాలు చిన్నగా ఉన్నాయంటే మా మనవడు రెజల్యూషన్ 1280×720కి మార్చాడు. పెద్దగా అయితే అయ్యాయి గానీ మసక మసకగా ఉన్నాయి. ధ, థ తేడా తెలియక తప్పులు దొర్లుతున్నాయమ్మా.

జవాబు: మాస్టారూ, మనవడి ఉద్దేశం మంచిదే, మార్చాల్సిన చోటు వేరు. ఎల్‌సీడీ తెర మీద గళ్లు ఫ్యాక్టరీలోనే స్థిరపడిపోతాయి. మీదాంట్లో అడ్డంగా 1920, నిలువుగా 1080. కంప్యూటర్ 1280 చుక్కల బొమ్మ పంపితే ఒక్కో చుక్కను ఒకటిన్నర గడి మీద పరచాలి. సగం గడి అనేది ఉండదు కదా, అందుకని అంచున ఉన్న గడిని బూడిద రంగులో నింపి సర్దుతుంది. ఒక్క పిక్సెల్ మందం ఉండే గీత మసకబారేది అక్కడే.

ఇంగ్లీషు అక్షరాలు దీన్ని కొంత తట్టుకుంటాయి. మన అక్షరాలు తట్టుకోలేవు. థ లోపలి చుక్క మామూలు సైజులో ఒకటి రెండు పిక్సెళ్లకు మించదు. ఆ చుక్కా, చుట్టూ ఉన్న గీతా కలిసి బూడిద మచ్చ అయిపోతే అది ధ అనే కంటికి తోస్తుంది. కింద ఒత్తులు, వాటి కింద మళ్లీ ఒత్తులు ఉండే మాటలైతే ఇంకా కష్టం.

మీరు చేయాల్సింది: సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే తెరవండి. రెజల్యూషన్ దగ్గర 1920×1080 ఎంచుకోండి, దాని పక్కనే రికమెండెడ్ అని ఉంటుంది. దాని దగ్గరే స్కేల్ అని ఇంకో వరుస ఉంటుంది. దాన్ని 125 శాతం పెట్టి చూడండి, చాలకపోతే 150. అక్షరం పెద్దదవుతుంది, గీత మాత్రం ఉన్న పిక్సెళ్లన్నీ వాడుకుని కొత్తగా గీసినట్టు స్పష్టంగా వస్తుంది. తర్వాత స్టార్ట్‌లో క్లియర్‌టైప్ అని వెతికితే ఐదారు నమూనాలు చూపించి ఏది బాగుందని అడుగుతుంది. కంప్యూటర్ మాటకంటే మీ కంటి మాటే వినండి అక్కడ.

ఒకవేళ మీరు నీలం రంగు తలతో, మూడు వరుసల్లో 15 పిన్నులుండే పాత వీజీఏ కేబుల్ వాడుతుంటే అది కూడా మార్చేయండి. అది 1987 నాటి అనలాగ్ పద్ధతి. సెట్టింగ్స్ అన్నీ సరిగా ఉన్నా అక్షరాల పక్కన నీడ పడవచ్చు. హెచ్‌డీఎంఐ గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ వాడితే ఆ గొడవ ఉండదు.

ప్రశ్న: నేను డీటీపీ చేస్తాను. 27 అంగుళాల మానిటర్ తీసుకోవాలనుకుంటున్నాను. అదే సైజులో ఫుల్ హెచ్‌డీ, 2560×1440, 4కె (3840×2160) మూడూ ఉన్నాయి. 4కె నిజంగా అవసరమా మేడమ్?

జవాబు: ఫుల్ హెచ్‌డీని మాత్రం ముందే పక్కన పెట్టేయండి. 24 అంగుళాల్లో బాగుండే అవే 1920×1080 పిక్సెళ్లను 27 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 82 పిక్సెళ్లే మిగులుతాయి. తెర పెరుగుతుంది గానీ దాని మీద పట్టే పని ఒక్క గీత కూడా పెరగదు.

మిగతా రెండింటికీ ఒక లెక్క చెబుతాను. మామూలు చూపున్న కన్ను విడదీసి చూడగల అతి చిన్న కోణం సుమారు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు. 60 సెంటీమీటర్ల దూరంలో అది 0.17 మిల్లీమీటర్లకు సమానం. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో పిక్సెల్ 0.31 మిల్లీమీటర్లు, అంటే గళ్లు తేలిగ్గా కంటికి ఆనతాయి. 1440లో 0.233, శ్రద్ధగా చూస్తే ఆనతాయి. 4కెలో 0.156, ఇక కనిపించవు.

కాబట్టి మీరు చేసేది ఎక్కువగా పేజీలు పేర్చడం, పట్టికలు, కార్డులు అయితే 1440 సరిపోతుంది. అంగుళానికి 109 పిక్సెళ్లు, స్కేలింగ్ పెట్టకుండానే హాయిగా పని చేసుకోవచ్చు. చిన్న పాయింటు తెలుగు అక్షరాలతో పుస్తకాలు చేస్తూ ప్రూఫ్ తెర మీదే చూస్తానంటే 4కె తీసుకోండి. ఒత్తుల మీద ఒత్తులున్న మాటల్లో తేడా అచ్చులో చూసినట్టే కనిపిస్తుంది. అయితే 4కెలో స్కేలింగ్ 150 శాతం పెట్టక తప్పదు. మీరు వాడే పాత పేజీ లేఅవుట్ సాఫ్ట్‌వేర్ దానికి సహకరిస్తుందో లేదో ముందు ఎవరి దగ్గరైనా చూసుకోండి. సహకరించకపోతే మెనూలు చీమ తలకాయంత అయిపోతాయి, లేదా మొత్తం మసకబారుతుంది.

ప్రశ్న: ఒక మానిటర్ కాంట్రాస్ట్ 1000:1, మరోదానిది 5,00,00,000:1 అని ఉంది. ఇంత తేడానా?

జవాబు: రెండో అంకెను పట్టించుకోకండి. అది డైనమిక్ కాంట్రాస్ట్. తెర మొత్తం నల్లగా ఉన్నప్పుడు వెనక దీపాన్ని దాదాపు ఆర్పేసి, తెల్లగా ఉన్నప్పుడు పూర్తిగా వెలిగించి, ఆ రెండింటినీ భాగించి వేసిన సంఖ్య. ఒకే బొమ్మలో నలుపూ తెలుపూ పక్కపక్కన ఉన్నప్పుడు దాంతో పని లేదు. స్టాటిక్ లేదా నేటివ్ కాంట్రాస్ట్ అని ఎక్కడుందో చూడండి. ఎల్‌సీడీల్లో ఐపీఎస్ అనే రకం ప్యానెల్‌కు 1000:1 దగ్గర, వీఏ అనే రకానికి 3000:1 దగ్గర ఉండటం మామూలు. చీకటి గదిలో సినిమాలు చూసేవారికి వీఏ నలుపు బాగుంటుంది. పక్కనుంచి చూసినా రంగు మారకూడదనుకుంటే ఐపీఎస్.

ప్రశ్న: మా అబ్బాయి గేమ్స్ కోసం 144 హెర్ట్జ్, 1 మిల్లీసెకండ్ మానిటరే కావాలంటున్నాడు. నాకేమో ఆ రెండూ ఒకటే అనిపిస్తోంది. తేడా ఏమిటండీ?

జవాబు: వేర్వేరండీ. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్నిసార్లు కొత్త బొమ్మ తెర మీదికి వస్తుందో ఆ లెక్క. 60 అయితే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144 అయితే 6.9. వేగంగా కదిలే ఆటల్లో ఈ తేడా నిజంగా కనిపిస్తుంది. అబ్బాయి అడగడంలో తప్పు లేదు.

మిల్లీసెకండ్ అనేది ఒక పిక్సెల్ ఒక ఛాయ నుంచి మరో ఛాయకు మారడానికి పట్టే సమయం. నేను నమ్మనిది ఈ అంకెనే. చాలా మానిటర్లలో ఆ 1 రావాలంటే ఓవర్‌డ్రైవ్ అనే సెట్టింగ్‌ను చివరి మెట్టు దాకా పెంచాలి. అలా పెంచితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడ తోకలా వస్తుంది. ఆ మెట్టులో ఎవరూ ఆడలేరు. ఇంకొందరు ఎంపీఆర్‌టీ అనే వేరే కొలత వేస్తారు. అది వెనక దీపాన్ని టపటపా ఆర్పి వెలిగించి తెచ్చే అంకె, ప్యానెల్ వేగం కాదు. కొలత పక్కన జీటీజీ (ఛాయ నుంచి ఛాయకు మారే సమయం) అని ఉందో ఎంపీఆర్‌టీ అని ఉందో చూడండి. తీసుకున్నాక ఓవర్‌డ్రైవ్‌ను మధ్య మెట్టులో పెట్టమనండి. వీఏ ప్యానెల్ అయితే నలుపు నుంచి ముదురు బూడిదకు మారడంలో కాస్త మందంగా ఉంటుంది, చీకటి సన్నివేశాల్లో మరకలా సాగుతుంది. ఆటలకే అయితే ఐపీఎస్ అడగండి.

ఇంకో మాట. విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144 ఎంచుకోకపోతే మానిటర్ 60 దగ్గరే ఉండిపోవచ్చు. నా దగ్గరికి "తేడా ఏమీ లేదు" అంటూ వచ్చిన మానిటర్లలో చాలావాటికి చేయాల్సిన మరమ్మతు ఇదొక్కటే.

ప్రశ్న: 4కె మానిటర్‌కు నా పాత ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐతో కలిపాను. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది గానీ మౌస్ బాణం ఈడ్చుకుంటూ కదులుతోంది. సెట్టింగ్స్‌లో 30 హెర్ట్జ్ తప్ప ఇంకేం లేదు. మానిటర్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మానిటర్ భేషుగ్గా ఉంది, టెన్షన్ వద్దు. దారి ఇరుకు, అంతే. 4కె బొమ్మను సెకనుకు 60 సార్లు పంపడానికి 594 మెగాహెర్ట్జ్ పిక్సెల్ క్లాక్ (పిక్సెళ్లను పంపే వేగం) కావాలి. హెచ్‌డీఎంఐ 1.4 మోయగలిగేది 340. కాబట్టి 297తో సరిపోయే 30 హెర్ట్జ్‌కు దిగిపోయింది. 2013లో వచ్చిన 2.0 అయితే 60కి చాలుతుంది. మీ ల్యాప్‌టాప్ పోర్టు 1.4దే అయితే ఖరీదైన కేబుల్ కొన్నా ఉపయోగం లేదు, ఆ ఖర్చు పెట్టుకోకండి.

ముందు మానిటర్ మెనూలో చూడండి. కొన్నింటిలో హెచ్‌డీఎంఐ మోడ్ అని ఉండి, అది 1.4లోనే పెట్టి వస్తుంది. అది 2.0కి మార్చాక కూడా 30 దగ్గరే ఉంటే ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఉందేమో చూడండి. వెర్షన్ 1.2 అయినా 4కె 60 హెర్ట్జ్ మోస్తుంది. యూఎస్‌బీ-సీ పోర్టు ఉంటే దాని పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ మెరుపు గుర్తు గానీ ఉందేమో వెతకండి. ఆ ఆకారం ఉన్న ప్రతి పోర్టూ బొమ్మను పంపలేదు, ఫోన్‌తో వచ్చిన ఛార్జింగ్ కేబుళ్లు చాలావరకు అసలే పంపలేవు. ఇవేవీ లేకపోతే అదే మానిటర్‌ను 2560×1440లో 60 హెర్ట్జ్‌కు పెట్టి వాడుకోండి. కొంచెం మెత్తబడుతుంది కానీ మౌస్ ఈడ్పు పోతుంది. పనికి అదే సుఖం.

ప్రశ్న: హెచ్‌డీఎంఐ పెడితే తెర నాలుగు అంచులూ కోసేసినట్టున్నాయి, టాస్క్‌బార్ సగమే కనిపిస్తోంది.

జవాబు: ఓవర్‌స్కాన్. మానిటర్ మీ కంప్యూటర్‌ను టీవీ పెట్టె అనుకుని, పాత టీవీల అలవాటు ప్రకారం బొమ్మను కాస్త పెద్దది చేస్తోంది. మానిటర్ మెనూలో ఓవర్‌స్కాన్ ఆఫ్ చేయండి, లేదా 1:1, జస్ట్ స్కాన్ అన్నవాటిలో ఏదుంటే అది పెట్టండి. ఒక్కోసారి ఇది గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. దీనికి సరిగ్గా తిరగబడ్డ సమస్య ఇంకోటుంది, బొమ్మ చుట్టూ నల్లటి పట్టీ రావడం. దానికీ మందు అక్కడే.

ప్రశ్న: నేను పెళ్లి ఫొటోలు ఎడిట్ చేస్తాను. ఒక మానిటర్‌కు 72 శాతం ఎన్‌టీఎస్‌సీ, మరోదానికి 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉంది. ఏది మేలు? ప్రింట్ తీస్తే ఫొటోలు ఎప్పుడూ నల్లగా వస్తున్నాయి, అది కూడా మానిటర్ వల్లేనా?

జవాబు: ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా రంగుల టీవీ ప్రమాణం. దాని రంగుల విస్తీర్ణంలో సుమారు 72 శాతం, ఇప్పుడు కంప్యూటర్లు వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణానికి సమానం. చూడటానికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 72 అన్నది విస్తీర్ణం మాత్రమే, ఆ రంగులు ఎస్‌ఆర్‌జీబీ హద్దుల్లోనే ఉన్నాయని అది హామీ ఇవ్వదు. 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ కవరేజీ అని రాసింది తీసుకోండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని కనిపిస్తే ఎంత చవకైనా ముట్టుకోకండి. పసుపు, ఎరుపు పాలిపోయి కనిపిస్తాయి. పెళ్లి ఫొటోల్లో మీకు కావాల్సినవే అవి.

రంగుల సంఖ్య కూడా చూడండి. 1.67 కోట్లు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లు, అంటే 8 బిట్. కొన్ని ప్యానెళ్లు నిజానికి 6 బిట్‌వి. ఒక్కో రంగుకు 64 మెట్లే ఉంటే, మధ్య ఛాయలను వేగంగా మార్చి మార్చి చూపించి లెక్క సరిపెడతాయి. ఆకాశం, చీర మడతలు లాంటి నెమ్మదిగా మారే రంగుల్లో చారలు పడేది ఇలాంటివాటిలోనే.

ఇక ప్రింట్ నల్లగా రావడం. చాలావరకు దీనికి కారణం తెర మరీ వెలుగ్గా ఉండటం. మానిటర్ కొత్తగా పెట్టెలోంచి తీసినప్పుడు వెలుగు పూర్తిగా పెంచి ఉంటుంది, 250 నుంచి 350 నిట్‌ల (తెర వెలుగు కొలత) దాకా. ఆ వెలుగులో సరిగ్గా కనిపించేలా దిద్దిన ఫొటో కాగితం మీదికి వచ్చేసరికి చీకటిగా ఉంటుంది, కాగితానికి సొంత దీపం ఉండదు కదా. ఎడిటింగ్‌కు 100 నుంచి 120 నిట్‌లు చాలు. కొలిచే కాలిబ్రేటర్ పరికరం కొంటే మంచిది. అది లేకపోతే మీకు నచ్చిన ప్రింట్ ఒకటి మామూలు గది వెలుతురులో తెర పక్కన పట్టుకోండి, తెర మీద తెల్ల పేజీ తెరవండి, రెండూ ఒకే తెలుపు అనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. పద్ధతి మోటుదే అయినా ఫలితం బాగుంటుంది. పెట్టె మీద డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 అనే ముద్ర ఉందని మాత్రం ఎక్కువ డబ్బు ఇవ్వకండి, ఫొటో పనికి అది కలిపేదేం లేదు.

ప్రశ్న: నేను అనువాదాలు చేస్తాను. ఎడమ వైపు మూలం, కుడి వైపు నా రాత. రెండు 24 అంగుళాల మానిటర్లు పెట్టుకోవాలా, 34 అంగుళాల అల్ట్రావైడ్ ఒకటే మేలా?

జవాబు: 34 అంగుళాల అల్ట్రావైడ్ ఎత్తు 33 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే 27 అంగుళాల మామూలు మానిటర్ ఎత్తే. 3440×1440 అయితే అక్షరాల సైజు కూడా దాదాపు దానిలాగే ఉంటుంది. వెడల్పు 80 సెంటీమీటర్లు. ఒక్కో పేజీకి 1720 పిక్సెళ్ల వెడల్పు దొరుకుతుంది, మధ్యలో ఫ్రేము అడ్డం రాదు. మీ పనికి ఇది బాగా నప్పుతుందని నా అభిప్రాయం. 2560×1080 ఉన్న 29 అంగుళాలది చూపిస్తే మాత్రం వద్దనండి. దాని ఎత్తు 28.6 సెంటీమీటర్లే, పది వాక్యాలకోసారి స్క్రోల్ చేస్తూ కూర్చోవాలి.

రెండు మానిటర్లలో ఉన్న లాభం ఒకటే, ఒకదాన్ని నిలువుగా తిప్పుకోవచ్చు. మూలం పొడవాటి పీడీఎఫ్‌లైతే అది చిన్న లాభం కాదు. కానీ రెండిటి రంగూ వెలుగూ ఒకేలా ఉండాలంటే ఒకే మోడల్ రెండు తీసుకోవాలి.

వంపు గురించి అడగలేదు గానీ చెబుతాను. 1500ఆర్ అంటే ఆ వంపును పూర్తి చక్రంగా గీస్తే వ్యాసార్ధం 1500 మిల్లీమీటర్లు. అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ. 34 అంగుళాలకు 1800ఆర్, 1500ఆర్ రెండూ చదవడానికి బాగుంటాయి. 1000ఆర్‌లో పట్టికల గీతలు విల్లులా వంగినట్టు కొందరికి అనిపిస్తుంది, కూర్చుని చూడకుండా తీసుకోకండి.

ప్రశ్న: రోజుకు ఎనిమిది గంటలు తెర ముందే. సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. ఫ్లికర్-ఫ్రీ, లో బ్లూలైట్ అని ఉన్నది తీసుకుంటే తగ్గుతుందా?

జవాబు: ఫ్లికర్-ఫ్రీ పనికొచ్చేదే. కొన్ని మానిటర్లు వెలుగు తగ్గించమంటే దీపాన్ని నిజంగా తగ్గించవు, కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. మీదాంట్లో ఉందో లేదో తేల్చుకోవడం తేలిక. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, తెల్ల పేజీ తెరిచి, గదిలో దీపాలు ఆర్పండి. తెర ముందు పెన్సిల్‌ను విసనకర్రలా వేగంగా ఊపండి. పెన్సిల్ ఒకే మసక చారలా కనిపిస్తే తెర మంచిది. విడివిడి పెన్సిళ్లు వరుసగా నిలబడ్డట్టు కనిపిస్తే దీపం ఆరి వెలుగుతోందన్నమాట. మానిటర్ మార్చే దాకా బ్రైట్‌నెస్ పెంచి, గదిలో వెలుతురు కూడా పెంచి వాడండి.

బ్లూలైట్ మీద నాకు అంత నమ్మకం లేదు. తెరల నీలి కాంతి కంటిని దెబ్బతీస్తుందనడానికి ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ చెబుతోంది. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, మంట ఎక్కువగా ఆ పొడిబారడం వల్లే. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనేది అందుకే. తెర పై అంచు మీ కంటి ఎత్తుకు గానీ కొంచెం కిందికి గానీ ఉండాలి. చదవడానికీ దూరం చూడడానికీ కలిపి ఉండే కళ్లద్దాలైతే ఇంకా కిందికి దించండి, లేకపోతే రోజంతా గడ్డం ఎత్తి చూసి మెడ పట్టేస్తుంది. ఎత్తు మార్చడం కుదరని స్టాండ్ ఉంటే వెనక వెసా (VESA) రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. మామూలుగా 75×75 లేదా 100×100 మిల్లీమీటర్ల దూరంలో నాలుగుంటాయి. వేరే ఆర్మ్ బిగించుకోవచ్చు. ఇవన్నీ చేశాక కూడా మంట తగ్గకపోతే కంటి డాక్టర్‌ను కలవండి, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: కొత్త మానిటర్‌లో ఒకచోట ఎప్పుడూ ఎర్ర చుక్క వెలుగుతోంది. అడిగితే "ఇది మా పాలసీ ప్రకారం లోపం కాదు" అన్నారు. అలా ఎలా అంటారండీ?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కానీ వాళ్లు పట్టుకున్న కాగితం ఒకటుంది. ఐఎస్‌ఓ 9241-307 అనే ప్రమాణం తెరలను పిక్సెల్ లోపాల ప్రకారం తరగతులుగా విడదీస్తుంది. చాలా మానిటర్లను రెండో తరగతి కింద అమ్ముతారు. అందులో ప్రతి పది లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగే పిక్సెళ్లు 2, ఎప్పుడూ నల్లగా ఉండేవి 2 వరకు చెల్లుతాయి. ఫుల్ హెచ్‌డీలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు కాబట్టి నాలుగు దాకా. 4కెలో 83 లక్షలు, లెక్క పదహారు దాకా పోతుంది. మీది పూర్తి పిక్సెల్ కూడా కాదు, అందులో ఎరుపు భాగం ఒక్కటే ఇరుక్కుంది. దానికి ఇంకా ఎక్కువ మినహాయింపు ఉంటుంది.

కొన్ని కంపెనీలు ఒక్క వెలిగే చుక్క ఉన్నా మార్చి ఇస్తామని వేరే హామీ ఇస్తాయి. వారంటీ కాగితంలో బ్రైట్ డాట్ అన్న మాట వెతకండి. కొన్ని రోజుల్లోపు వాపసు ఇచ్చే వీలుంటే కారణాలతో వాదించకుండా ఆ దారిలో వెళ్లండి, అది త్వరగా తేలుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను గబగబా మార్చే వీడియోను ఆ చుక్క మీద కొన్ని గంటలు ఆడిస్తే ఇరుక్కున్నది కొన్నిసార్లు విడివడుతుంది. వేలితో నొక్కి సరిచేయమని ఎవరైనా చెబితే వినకండి, ఒక చుక్క పోయి చుట్టూ నాలుగు రావచ్చు.

కొత్తగా తీసుకునేవారు మొదటి రోజే తెర నిండా నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా పెట్టి, మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, దగ్గరగా చూడండి. చుక్క కనిపిస్తే నల్ల తెర మీద దాన్ని ఫొటో తీసి, మానిటర్ వెనక ఉన్న సీరియల్ నంబర్‌నూ ఫొటో తీసి, ఆ రోజే రాతపూర్వకంగా పంపండి.